ఒకే బిళ్ళ, రెండు పేర్లు

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. రాయడానికి మూడు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు మాటలు వెతుక్కోవడానికే సరిపోయాయి. మీలో చాలామందిలాగే నేనూ పెద్దయ్యాక తెలుగు చదవడం నేర్చుకున్నాను. మా ఇంటి తెలుగులో వంటకి, చుట్టాలకి, తిట్లకి కావలసినన్ని మాటలు ఉన్నాయి. ఆడవాళ్ళ ఒంటి గురించి మాట్లాడాలంటే మాత్రం నా దగ్గర ఒక్క మాట కూడా లేదు.

ఆ మాటలు ఎందుకు కావలసివచ్చాయో చెబుతాను. నాకు పీసీఓఎస్ ఉంది. ఇండియాలో ఎక్కువమంది పీసీఓడీ అంటారు. అండాశయాల్లో నీటి బుడగలు అని కూడా అంటారు. నాకు నెలసరి ఏడాదికి మూడు సార్లే వస్తుంది. గడ్డం కింద గట్టి వెంట్రుకలు వస్తాయి. 26 ఏళ్ళు వచ్చినా మొటిమలు పోలేదు. పోయిన చలికాలంలో డాక్టర్ గారు గర్భనిరోధక మాత్ర రాసిచ్చారు. ఆ చీటీ నా సంచిలో ఐదు వారాలు ఉండిపోయింది. ఏ రకం మంచిదో తేల్చుకోలేకపోయాను. అమ్మకి ఎలా చెప్పాలో అసలే తెలియలేదు.

ఆ ఐదు వారాల్లో ఈ బిళ్ళ చరిత్ర చదివాను. చదవడం వల్ల రెండు పనులు జరిగాయి. అమ్మతో మాట్లాడగలిగాను. వేసుకోవలసిన బిళ్ళే మారిపోయింది. అదే ఈ వ్యాసం.

జబ్బు పేరు

1935లో షికాగోలో ఇర్వింగ్ స్టెయిన్, మైఖేల్ లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ళ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళకి నెలసరి సరిగ్గా రాదు. పిల్లలు పుట్టడం లేదు. కొందరికి ముఖం మీద వెంట్రుకలు. అండాశయాలు మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయి. చాలాకాలం ఈ జబ్బుని స్టెయిన్-లెవెంథాల్ జబ్బు అనే పిలిచారు. అప్పట్లో వైద్యం అంటే ఆపరేషన్. అండాశయంలో ఒక ముక్క కోసి తీసేసేవారు.

నీటి బుడగలు అనే మాట వింటే కోసి తీసెయ్యవలసినవి ఏవో ఉన్నాయని భయం వేస్తుంది. నిజానికి అవి సగంలో ఎదుగుదల ఆగిపోయిన చిన్న చిన్న అండకోశాలు. ప్రతి నెలా ఒక అండం పూర్తిగా ఎదిగి విడుదల కావాలి. పీసీఓఎస్‌లో హార్మోన్ల తూకం తప్పుతుంది. మగ హార్మోన్లు అనుకునేవి కొంచెం ఎక్కువవుతాయి. అండం విడుదల ఆలస్యమవుతుంది, లేదా ఆగిపోతుంది. ప్రపంచంలో సుమారు 10 మంది ఆడవాళ్ళలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా.

నెలసరి రాకపోతే హాయే కదా అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. అది తప్పు. అండం విడుదల కానప్పుడు గర్భసంచి లోపలి పొర పెరుగుతూనే ఉంటుంది, రాలిపోదు. ఏళ్ళ తరబడి అలా పెరిగితే ఆ పొరలో చెడు మార్పులు, కొందరిలో క్యాన్సర్ కూడా రావచ్చు. అందుకే డాక్టర్లు మాత్ర ఇస్తారు. మామూలు మాత్రలో రెండు హార్మోన్లు ఉంటాయి: ఈస్ట్రోజెన్ ఒకటి, ప్రొజెస్టిన్ ఒకటి. ప్రొజెస్టిన్ ఆ పొరని పెరగనివ్వదు. రెండూ కలిసి మగ హార్మోన్లని తగ్గిస్తాయి. మొటిమలు, వెంట్రుకలు నెమ్మదిగా తగ్గుతాయి.

అంటే నాకు ఇది నెలసరి మందు. కానీ డబ్బా మీద పేరు గర్భనిరోధక మాత్ర. నా చిక్కంతా ఆ పేరుతోనే.

మా ఊరి రబ్బరు ఫ్యాక్టరీ

నేను ఒంటారియోలో కిచెనర్‌లో ఉంటాను. కింగ్ వీధి, విక్టోరియా వీధి కలిసే చోట ఒక పెద్ద పాత భవనం ఉంది. ఇప్పుడు అందులో అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ట్రామ్ రోజూ దాని పక్కనుంచే పోతుంది. అది ఒకప్పుడు కాఫ్‌మన్ రబ్బరు ఫ్యాక్టరీ. మంచు బూట్లు తయారు చేసేవారు. కెనడాలో గర్భనిరోధం చరిత్రలో ఒక పెద్ద ముక్క అక్కడే మొదలైందని నాకు ఈ మధ్య వరకు తెలియదు.

ముందు చట్టం సంగతి. 1892లో కెనడా తన మొదటి క్రిమినల్ కోడ్ రాసుకుంది. గర్భం రాకుండా చేసే వస్తువులు అమ్మినా, వాటి గురించి ప్రకటించినా నేరం. రెండేళ్ళ వరకు జైలు. ప్రజల మేలు కోసమే చేశానని నిరూపించుకుంటే వదిలెయ్యవచ్చు అని ఒక చిన్న సందు మాత్రం ఉంది.

1930 ప్రాంతంలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఫ్యాక్టరీ యజమాని ఎ. ఆర్. కాఫ్‌మన్ పని తీసేసిన కార్మికుల ఇళ్ళకి నర్సుని పంపాడు. చాలా ఇళ్ళలో పిల్లలు ఎక్కువ, తిండి తక్కువ. ఆయన పేరెంట్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో అనే సంస్థ పెట్టాడు. అందులో పనిచేసే ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి గర్భనిరోధం గురించి చెప్పేవారు. కావాలన్నవాళ్ళకి వస్తువులు పోస్టులో వచ్చేవి.

అలా తిరిగినవాళ్ళలో ఒకరు డొరొథియా పామర్. 1936 సెప్టెంబర్‌లో ఆమె ఒట్టావా పక్కన ఈస్ట్‌వ్యూ అనే పేదల పేటలో ఉండగా పోలీసులు అరెస్టు చేశారు. ఆ పేటని ఇప్పుడు వానియే అంటారు. కేసు నెలల తరబడి నడిచింది. ఆమె వెళ్ళి కలిసిన ఆడవాళ్ళే కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. 1937 మార్చి 17న న్యాయాధికారి ఆమెని వదిలేశారు. ఆమె చేసింది ప్రజల మేలు కోసమే అని ఒప్పుకున్నారు. ఆ చిన్న సందే ఆమెని కాపాడింది. చట్టం మాత్రం మారలేదు. ఇంకా 32 ఏళ్ళు అలాగే ఉంది.

ఈ కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది, కానీ అది నిజాయితీ కాదు. కాఫ్‌మన్ యూజెనిక్స్‌ని నమ్మిన మనిషి. కొందరు పిల్లల్ని కనడానికి తగినవాళ్ళు, కొందరు తగనివాళ్ళు అనే ఆలోచన అది. తగనివాళ్ళు అని తాను అనుకున్నవాళ్ళకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని ఆయన గట్టిగా వాదించాడు. అల్బర్టాలో 1928 నుంచి 1972 దాకా, బ్రిటిష్ కొలంబియాలో 1933 నుంచి 1973 దాకా అలాంటి ఆపరేషన్లకి చట్టమే ఉండేది. కెనడా మూలవాసుల ఆడవాళ్ళు కూడా దానికి బలయ్యారు. ఒకే వస్తువు ఒకరికి స్వేచ్ఛ, ఇంకొకరికి బలవంతం. ఇండియాలో కుటుంబ నియంత్రణ కథ తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

పెండలం దుంప నుంచి

ఇప్పుడు బిళ్ళ ఎలా పుట్టిందో చూద్దాం.

అప్పటికే ప్రొజెస్టరోన్ అనే హార్మోన్ గురించి తెలుసు. కానీ మింగితే అది దాదాపు పనిచెయ్యదు. ఇంజెక్షన్ ఇవ్వాలి. ఖరీదు కూడా చాలా ఎక్కువ. 1940లలో రసెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవుల్లో దొరికే ఒక దుంప నుంచి చవగ్గా హార్మోన్లు తయారు చేయవచ్చని చూపించాడు. ఆ దుంప మన పెండలం జాతిదే. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ చేసే పెండలం వేపుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మనం తినే పెండలంలో మందు ఉందని కాదు, జాతి మాత్రమే ఒకటి.

1951 అక్టోబర్ 15న మెక్సికో నగరంలో సింటెక్స్ అనే కంపెనీలో లూయిస్ మిరామోంటెస్ అనే విద్యార్థి, కార్ల్ జెరాసీ, జార్జ్ రోసెన్‌క్రాంజ్‌ల దగ్గర పనిచేస్తూ, ఒక కొత్త పదార్థం తయారు చేశాడు. దాని పేరు నోరెథిండ్రోన్. మింగినా బాగా పనిచేసే ప్రొజెస్టిన్. వాళ్ళ మనసులో అప్పుడు ఉన్నది గర్భనిరోధం కాదు, నెలసరి ఇబ్బందుల వంటి వాటికి మందు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత సెర్ల్ అనే ఇంకో కంపెనీ దాదాపు ఇలాంటిదే ఇంకొకటి చేసింది. గ్రెగరీ పింకస్, ఎం. సి. చాంగ్, డాక్టర్ జాన్ రాక్ దానిమీద పనిచేశారు. 1956లో ప్యూర్టో రికోలో పేద ఆడవాళ్ళ మీద పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఒక బిళ్ళలో సుమారు 10 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్ ఉండేది. ఇప్పటి బిళ్ళల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ పరీక్ష నడిపిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-వ్రే 17 శాతం మందికి వాంతులు, తలతిప్పు, తలనొప్పి లాంటివి వచ్చాయని, ఇది అందరికీ ఇవ్వడానికి పనికిరాదని చెప్పారు. ఆమె మాటని పక్కన పెట్టేశారు.

1957లో అమెరికా ప్రభుత్వం ఈ బిళ్ళకి అనుమతి ఇచ్చింది. దేనికి? నెలసరి ఇబ్బందులకి. గర్భనిరోధానికి కాదు. అండం విడుదల ఆగిపోతుందని మాత్రం మందుతో పాటే చెప్పేవారు. చాలామంది ఆడవాళ్ళకి అది హెచ్చరికలా కాకుండా ప్రకటనలా వినిపించి ఉంటుంది. రెండేళ్ళలో కొన్ని లక్షల మంది ఈ నెలసరి మందు వాడారు. 1960లో అమెరికా అసలు సంగతి ఒప్పుకుని గర్భనిరోధానికి కూడా అనుమతి ఇచ్చింది.

కెనడా? అదే 1960లో కెనడా కూడా బిళ్ళకి అనుమతి ఇచ్చింది. కానీ నెలసరిని క్రమంలో పెట్టడానికి మాత్రమే. 1892 నాటి చట్టం ఇంకా ఉంది కదా. గర్భనిరోధక మాత్ర అని పేరు పెడితే అమ్మడమే నేరం. కాబట్టి 1969 దాకా కెనడా కాగితాల్లో ఇది నెలసరి బిళ్ళ.

ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. 1960లలో టొరంటోలో పిల్లలు ఇక వద్దనుకున్న ఒక ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, నాకు నెలసరి సరిగ్గా రావడం లేదండీ, అనాలి. 2020లలో నెలసరి నిజంగానే సరిగ్గా రాని నేను గర్భనిరోధక మాత్ర అని రాసిన డబ్బా అమ్మకి కనపడకుండా దాచుకోవాలి. బిళ్ళ ఒకటే. ఆవిడకి నా పేరు కావాలి, నాకు ఆవిడ పేరు వద్దు.

చట్టం మారింది

1960లలో జనం చట్టాన్ని పట్టించుకోవడం మానేశారు. డాక్టర్లు రాసిస్తూనే ఉన్నారు, ముఖ్యంగా పెళ్ళయినవాళ్ళకి. పెళ్ళికాని అమ్మాయిలకి దొరకడం కష్టం. 1968లో మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం విద్యార్థులు గర్భనిరోధం మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు. అప్పటికి అలా అచ్చు వెయ్యడం చట్టప్రకారం నేరమే. ఆ పుస్తకం తర్వాత లక్షల ప్రతులు పోయింది. అందులో ముందుమాట దగ్గర నుంచి శరీరం బొమ్మల దాకా అంతా సూటిగా ఉంటుంది. మనకి తెలుగులో అలాంటి పుస్తకం ఇంట్లో ఒకటి ఉండి ఉంటే బాగుండేది.

1969లో ఆ చట్టాన్ని సవరించారు. దాంతో 77 ఏళ్ళ నిషేధం పోయింది. నెలసరి బిళ్ళ గర్భనిరోధక మాత్ర అయింది.

ఇక్కడ తెలుగు గురించి ఒక మాట. గర్భనిరోధకం అంటే గర్భం రాకుండా ఆపేది. నిరోధం అంటే ఆపడం. ఇండియా ప్రభుత్వం 1968లో కండోమ్‌ని నిరోధ్ అనే పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. అమ్మ వయసువాళ్ళకి నిరోధ అనే అక్షరాలు వినగానే అదే గుర్తొస్తుంది. ఎర్ర త్రికోణం, ఇద్దరు పిల్లల బొమ్మ, టీవీలో మాలా-డి ప్రకటన, అవి రాగానే పెద్దవాళ్ళు దగ్గడం. ఇదంతా ఒక్క మాటలో ఉంది. మందుల షాపులో ఫార్మసిస్టుకి ఆ మాటలో ఇవేవీ వినిపించవు. మా వంటింట్లో అన్నీ వినిపిస్తాయి.

గడ్డకట్టిన రక్తం

బిళ్ళ ఎంచుకోవడం మాట. నా చీటీలో ఉన్నది మామూలు రకం: ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు, లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ 150 మైక్రోగ్రాములు. ఒక విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. మాలా-డిలో ఉన్నదీ సరిగ్గా ఇదే, ఇదే మోతాదులో. అమ్మ టీవీలో చూసిన బిళ్ళనే కిచెనర్‌లో నాకు వేరే పేరుతో రాసిచ్చారు.

నా స్నేహితురాళ్ళు వేరేవి చెప్పారు. ఒకరు డ్రోస్పిరెనోన్ ఉన్న యాజ్ అన్నారు, మొటిమలకి మంచిదని. ఇంకొకరు డయాన్-35 అన్నారు, వెంట్రుకలకి బాగా పనిచేస్తుందని. డయాన్-35 కథ కూడా పేరు కథే. కెనడాలో దానికి అనుమతి ఉన్నది తీవ్రమైన మొటిమలకి మాత్రమే. గర్భం రాకుండా ఆపుతుంది, కానీ గర్భనిరోధం కోసమే రాసివ్వకూడదు. 2013లో ఫ్రాన్స్ దాని అమ్మకం ఆపింది, రక్తం గడ్డకట్టే ప్రమాదం వల్ల. కెనడా ఆరోగ్యశాఖ మళ్ళీ పరిశీలించి, చెప్పిన పనికే వాడితే మేలే ఎక్కువ అని ఉంచింది. పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇంకా సూటిగా చెప్పాయి: ఫలానా బిళ్ళ మిగతావాటి కంటే మంచిదని రుజువు లేదు, తక్కువ ఈస్ట్రోజెన్ ఉన్నది చూసుకోవాలి, డయాన్-35 లాంటిది మొదటే ఇవ్వకూడదు.

రక్తం గడ్డకట్టడం గురించి అంకెలు కూడా చూశాను. యూరప్ మందుల సంస్థ 2013లో చెప్పినవి ఇవి. బిళ్ళ వేసుకోని 10,000 మంది ఆడవాళ్ళలో ఏడాదికి సుమారు 2 మందికి రక్తం గడ్డకడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ బిళ్ళతో 5 నుంచి 7 మందికి. డ్రోస్పిరెనోన్‌తో 9 నుంచి 12 మందికి. ఎక్కువమందికి ఏమీ కాదు. అయినా ఆ ఒక్కరు ఎవరో ముందే తెలిస్తే మంచిది కదా.

ఈ ప్రమాదం ఎలా బయటపడిందో వెతికాను. 1961లో ఒక ఇంగ్లిష్ డాక్టర్ లాన్సెట్ పత్రికలో ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఒక నర్సు ఈ బిళ్ళ వేసుకోవడం మొదలుపెట్టాక ఆమె ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది. ఆ నర్సు గర్భనిరోధం కోసం వేసుకోలేదు. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు కోసం వేసుకుంది. నాలాగే మందుగా.

నెలసరి కోసమే కదా, నాకేం కాదు అని నాలో ఎక్కడో ఒక ధీమా ఉండేది. పేరు మారితే ప్రమాదం మారదు. రక్తానికి మనం ఎందుకు మింగామో తెలియదు.

అప్పుడు క్లినిక్‌లో నింపిన కాగితం గుర్తొచ్చింది. మీ తల్లిదండ్రులకి, తోబుట్టువులకి ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగారు. నేను లేదు అని గీత పెట్టాను. నిజానికి నేను ఎవరినీ అడగలేదు. ఏమని అడగాలో తెలుగులో తెలియదు, అడిగితే ఎందుకు అంటారు, ఎందుకో చెప్పాలంటే బిళ్ళ పేరు చెప్పాలి.

వంటింట్లో

ఆదివారం బ్రాంప్టన్‌లో అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒలిచాను. మాటలు ముందే కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను.

"అమ్మా, మన ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా?"

"ఎక్కడ?"

"కాళ్ళల్లో. లేకపోతే ఊపిరితిత్తుల్లో."

"నాకే కట్టింది కదే."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టాక. బాలింతగా ఉన్నప్పుడు. ఎడమ కాలు ఇంత లావు వాచింది. అమ్మమ్మేమో నేను పథ్యం చెయ్యలేదని తిట్టింది. నాలుగు రోజులయ్యాక రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆరు నెలలు బిళ్ళలు మింగాను."

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే కదా. అయినా ఇప్పుడు ఎందుకు?"

చెప్పాను. పీసీఓడీ సంగతి అమ్మకి కొంచెం తెలుసు. డాక్టర్ బిళ్ళ రాశారని, దాంతో రక్తం గడ్డకట్టే అవకాశం కొంచెం పెరుగుతుందని చెప్పాను.

"నీ నెలసరికీ నా కాలికీ ఏమిటే సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడతావు." తర్వాత కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "ఏం బిళ్ళ? మాలా-డి లాంటిదా? పెళ్ళికాని పిల్లవి, నీకెందుకే అవి?" అంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా గొంతు తగ్గించింది.

అప్పుడు 1960 కథ చెప్పాను. ఈ దేశంలో ఆ బిళ్ళ మొదట నెలసరి మందుగానే వచ్చిందని, తొమ్మిదేళ్ళ తర్వాత గానీ రెండో పేరు రాలేదని. నా తెలుగులో తడబడుతూ చెప్పాను. క్రిమినల్ కోడ్‌కి తెలుగు ఏమిటో తెలియలేదు. శిక్షాస్మృతి అని అమ్మే అందించింది.

"అయితే మొదట్నుంచీ మందేనన్నమాట," అంది.

"మందే. ఇంకోటి కూడా."

అమ్మ దానికి జవాబు చెప్పలేదు. చిక్కుడుకాయలు కడగడానికి లేచింది. కుళాయి కట్టేసి, నా వైపు తిరక్కుండానే, "నా కాలు సంగతి ఆ డాక్టర్‌కి చెప్పు. మర్చిపోకు," అంది.

ఇప్పుడు

చెప్పాను. కాగితం మీద తప్పు గీత పెట్టానని ఒప్పుకున్నాను. డాక్టర్ గారు కోప్పడలేదు. చాలామంది అలాగే చేస్తారన్నారు. పేగు పంచుకున్న తల్లికి, అదీ చిన్న వయసులో, రక్తం గడ్డకట్టింది కాబట్టి నాకు ఈస్ట్రోజెన్ లేని దారి మంచిదన్నారు. పాత చీటీ తీసేసుకుని, రక్త పరీక్షలకి పంపారు. దారులు మూడు నాలుగు చెప్పారు. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న బిళ్ళ. కొన్ని నెలలకి ఒకసారి పది పన్నెండు రోజులు వేసుకునే ప్రొజెస్టరోన్ రకం. హార్మోన్ ఉన్న లూప్. విడిగా, చక్కెర అదుపు కోసం మెట్‌ఫార్మిన్.

నేను మొదటిది ఎంచుకున్నాను. దాని పేరు నోరెథిండ్రోన్. 1951లో మెక్సికో నగరంలో ఒక విద్యార్థి దుంప సరుకు నుంచి చేసినదే. మోతాదు మాత్రం 0.35 మిల్లీగ్రాములు. రోజూ ఒకే సమయానికి వేసుకోవాలి. మూడు గంటల కంటే ఆలస్యం కాకూడదు. నేను రాత్రి 9కి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.

ఇది అన్నీ బాగుచేసే బిళ్ళ కాదు. గర్భసంచి పొరని కాపాడుతుంది, అందుకే వేసుకుంటున్నాను. వెంట్రుకలకి, మొటిమలకి రెండు హార్మోన్ల బిళ్ళ అంత పనిచెయ్యదు. మొదటి రెండు నెలలు అప్పుడప్పుడు మరకలు కనిపించాయి. గడ్డం కింద వెంట్రుకలు ఇంకా పీకుతూనే ఉన్నాను. నేను డాక్టర్‌ని కాదు. మీ అమ్మ కాలు, మీ రక్తపోటు, మీ తలనొప్పి వేరు. మీకు సరిపడేది మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి. కానీ వెళ్ళేముందు ఇంట్లో అడిగి వెళ్ళండి.

డబ్బు సంగతి కూడా ఒక మాట. బ్రిటిష్ కొలంబియాలో 2023 ఏప్రిల్ 1 నుంచి చీటీ మీద ఇచ్చే గర్భనిరోధక మాత్రలు ఉచితం. 2024 అక్టోబర్ 10న వచ్చిన కెనడా ఫార్మాకేర్ చట్టంలో కూడా గర్భనిరోధక మందుల మాట ఉంది. 1892లో జైలు, ఇప్పుడు ప్రభుత్వం ఖర్చు. ఇప్పుడు ఆ రెండో పేరే డబ్బు ఇప్పిస్తుంది. నెలసరి కోసం వేసుకునేవాళ్ళకీ ఆ పేరు మీదే ఉచితంగా వస్తుంది.

ఇప్పుడు ట్రామ్‌లో కాఫ్‌మన్ భవనం పక్కనుంచి వెళ్తున్నప్పుడు డొరొథియా పామర్‌ని తలుచుకుంటాను. ఆమె చేసిన నేరం ఏమిటంటే ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వంటింట్లో కూర్చుని, వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పడం.

ఈసారి నేను నేర్చుకున్న మాటలు:

నెలసరి: ప్రతి నెలా వచ్చేది. మా అమ్మమ్మ బయట చేరడం అనేది. ముట్టు, బహిష్టు అని కూడా అంటారు. డాక్టర్‌తో, అమ్మతో, అందరితో వాడడానికి నెలసరి బాగుంటుంది.

అండాశయం: అండం తయారయ్యే చోటు. గర్భసంచికి రెండు పక్కలా ఒక్కొక్కటి.

బాలింత: కొత్తగా బిడ్డని కన్న తల్లి.

పథ్యం: జబ్బులో, బాలింతగా ఉన్నప్పుడు తినవలసినవి, తినకూడనివి.

రక్తం గడ్డకట్టడం: పెరుగు గడ్డకట్టినట్టే. ఈ మాట మీ అమ్మానాన్నలకి తప్పకుండా తెలుస్తుంది.

బిళ్ళ, మాత్ర, గోలీ: మూడూ ఒకటే. మా గోదావరి ఇంట్లో బిళ్ళ. పుస్తకాల్లో మాత్ర. హైదరాబాద్ స్నేహితురాలి ఇంట్లో గోలీ.

ఎప్పటిలాగే, తప్పులు కనిపిస్తే చెప్పండి. దిద్దుకుంటాను.